కుడివైపు స్టెప్నీ

ఈ సంగతి నాకు మొట్టమొదట చెప్పినవాడు బ్యాటరీల నూకరాజు. కాకినాడ జగన్నాథపురంలో వంతెన దిగగానే అతని కొట్టు. నా జాకీ పట్టుకెళ్ళి పదకొండేళ్ళయింది. ఇంతవరకూ తిరిగి తేలేదు, అడిగితే ఏ జాకీ అంటాడు. అయినా ఈ విషయంలో మాత్రం అతను అబద్ధమాడలేదు. ఆ రోజు అక్కడే ఉన్నాడు, కళ్ళతో చూశాడు. తరవాత నేను ఏడుకొండల్ని కూర్చోబెట్టి అడిగితే అతనూ అదే చెప్పాడు. ఇద్దరి మాటా కలిసింది కాబట్టి చెబుతున్నాను.

ఏడుకొండలు పీరా ఉస్తాద్ శిష్యుడు.

పాతకాలపు కార్లు బాగుచేయడంలో పీరా ఉస్తాద్ తరవాతే ఎవరైనా. ఆ కార్లకి సామాను బజార్లో దొరకదు. చేత్తో చేసుకోవాలి, లేదా చేసినవాడి కాళ్ళు పట్టుకోవాలి. ఆయన మనిషి సన్నగా తాటాకులా ఉంటాడు. గొంతు పెంచడు. డెబ్భై దాటాయి.

నూకరాజు కొట్టు పక్కనే ఆయన షెడ్డు. అక్కడ ఒక పద్ధతి ఉంది. శిష్యుడి పని కుదిరిందని ఆయనకి అనిపించిన రోజున, ఉప్పాడలో నేయించిన తెల్ల పాగా, పచ్చంచుది, తొమ్మిది మూరలది, తన చేత్తో వాడి తలకి చుడతాడు. తన నడుముకి వేలాడే పానాల్లోంచి ఒకటి తీసి వాడి చేతిలో పెడతాడు. అందరికీ కాజాలు పంచుతారు. ఆ రోజు నుంచి వాడు తన పేరున బోర్డు రాయించుకోవచ్చు. పాగా లేకుండా బోర్డు పెట్టినవాడి గుమ్మం పాతకార్ల వాళ్ళెవరూ తొక్కరు.

ఏడుకొండలు షెడ్డులో చేరి పదో ఏడు నడుస్తోంది. అతని తరవాత వచ్చిన గఫూరుకి కిందటేడే పాగా కట్టేశారు. గఫూరు ఇప్పుడు పెద్దాపురంలో బోర్డు పెట్టుకుని, ఎదురుపడితే "ఏం కొండలన్నా, ఇంకా అక్కడేనా?" అంటున్నాడు. ఆ మాట ఏడుకొండలికి అన్నంలో రాయిలా తగులుతోంది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, నా చేతిలో లోపం ఏంటో చెప్పండి."

ఉస్తాద్ చిన్న గొట్టంలోకి నోటితో గాలి ఊదుతున్నాడు. ఊది, వెలుతురుకేసి పట్టుకుని, ఒంటికన్నుతో చూసి, కింద పెట్టాడు.

"నీ చేతిలో లోపం లేదురా కొండా."

"మరి?"

"డాక్టరమ్మ కారు వెళ్ళే రోజున పాగా. ఈ శుక్రవారం కాక పై శుక్రవారం. చాలా?"

చాలా ఏమిటి. ఏడుకొండలు ఆ పూట భోజనం చేయడం కూడా మరిచిపోయాడు.

డాక్టరమ్మ అంటే సౌభాగ్యం గారు. అరవై ఆరేళ్ళు. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు, అంతకు మించి ఉండదు. ఆ చుట్టుపక్కల మూడు వేల కాన్పులు చేసిన చెయ్యి ఆవిడది. గఫూరు, ఏడుకొండలు, ఉస్తాద్ ముగ్గురు పిల్లలు, అందరూ ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే. ఆవిడ తండ్రి కూడా డాక్టరే. ఆయన పల్లెలు తిరిగిన కారు అది. నేరేడుపండు రంగు, పొడుగాటి బానెట్టు. ముప్పై రెండేళ్ళు కొట్టంలో పిచ్చుకలు గూడు కట్టుకుంటే, ఉస్తాదూ ఏడుకొండలూ కలిసి పద్నాలుగు నెలలు దాంతో కుస్తీ పట్టి లేవదీశారు. ఏడాది అని కొందరు అంటారు. తప్పు. పద్నాలుగు నెలలు.

ఇప్పటి కార్లకి స్టెప్నీ డిక్కీలో దాక్కుంటుంది. ఆ కార్లకి అలా కాదు. ముందు మడ్‌గార్డులు రెండింటి మీదా తొట్టిలాంటి గుంటలుంటాయి. చెరో గుంటలో చెరో చక్రం నిటారుగా నిలబెట్టి, మధ్యలో అడ్డపట్టీ వేసి, నట్టు బిగిస్తారు. చెవులకి దుద్దులు పెట్టినట్టు చెరోపక్కన మెరుస్తుంటాయి. ఒక్కో చక్రం ఇరవై ఎనిమిది కిలోలు. నూకరాజు ముప్పై అన్నాడు. నేను వెళ్ళి కాటా వేయించాను. ఇరవై ఎనిమిదే.

కారు విశాఖపట్నంలో పాతకార్ల పండగకి వెళ్ళాలి. డాక్టరమ్మ తనే నడుపుతానంది. పక్కన ఆవిడ అక్కయ్య మాణిక్యాంబ గారు, ఎనభైకి రెండు తక్కువ, తోడు. డ్రైవరు వద్దంది. "వాడు పక్కన కూర్చుని గేరు మార్చండి, గేరు మార్చండి అంటుంటే నాకు తిక్కరేగి వాణ్ణి తునిలో దించేస్తాను" అంది. అనడమే కాదు, దించేస్తుంది కూడా.

ఇంజను అయింది, రంగయింది, సీట్లయ్యాయి. చివరికి స్టెప్నీలు మిగిలాయి.

ఉస్తాద్ అన్నాడు: "కుడిది నువ్వు పెట్టరా. ఎడమది నేను పెడతాను."

ఏడుకొండలికి అర్థమైపోయింది. ఇదే పరీక్ష. అనుకున్నంత కష్టమూ కాదు. షెడ్డులో అతనంత కండ ఎవరికీ లేదు. నలుగురు మోసే ఇంజను దిమ్మని ఇద్దరితో మోయించేవాడు, ఆ ఇద్దరిలో ఒకడు తనే.

మడ్‌గార్డుకి గీత పడకుండా పాత దుప్పటి కప్పాడు. చేతి గడియారం తీశాడు, బెల్టు తీశాడు, మొలతాడు మీది తాళం చెవి కూడా తీశాడు. అక్కడికి అతను చేసిందంతా బంగారమే. చక్రంలో గాలి సగం దించాడు, గుండెలకానించి ఎత్తాడు, ఒక్కడే, ఊపిరి బిగబట్టి గుంటలోకి దింపాడు. చిన్న చప్పుడైనా రాలేదు. వాల్వు బయటికి కనిపిస్తే అందం చెడుతుందని దాన్ని బానెట్టు వైపు తిప్పాడు. అప్పుడు పంపు పెట్టి గాలి కొట్టాడు. చక్రం ఉబ్బి గుంట గోడలకి అతుక్కుపోయింది. నట్టు మీద పానా వేసి, పానాకి నాలుగడుగుల గొట్టం తగిలించి, దాని మీద వేలాడి మరీ బిగించాడు.

నూకరాజు దగ్గర తమలపాకు తీసుకుని, చక్రానికీ గుంటకీ మధ్య పెట్టి చూపించాడు. ఆకు దూరలేదు.

"చూడండి ఉస్తాద్! ఆకంత సందు లేదు. విశాఖపట్నం ఏంటి, కాశీ వెళ్ళినా కదలదు."

ఉస్తాద్ వచ్చి, ఆకు తీసుకుని, తనూ ఒకసారి దూర్చి చూశాడు. కొస చిరిగింది. మిగిలిన ఆకుకి సున్నం రాసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఆకు బాగుంది" అన్నాడు.

అంతే. పని గురించి మాట లేదు. ఏడుకొండలు దాన్నే మెప్పుగా తీసుకున్నాడు.

మర్నాడు ఉస్తాద్ తన చక్రం మొదలుపెట్టాడు. ముందుగా డాక్టరమ్మకి కబురంపాడు. ఆవిడ వచ్చింది.

"అమ్మా, ఇలా ఫుట్‌బోర్డు పక్కన నిలబడండి. చెయ్యి చాపండి. ఊహూ, కాలివేళ్ళ మీద లేవకండి. మామూలుగా."

ఆవిడ చెయ్యి ఎక్కడికి అందిందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు. మోచెయ్యి ఎక్కడికి వస్తుందో అక్కడ ఇంకో గీత.

"ఏంటి ఉస్తాద్, కారుకి జాకెట్టు కుడుతున్నారా?" అన్నాడు ఏడుకొండలు. షెడ్డంతా నవ్వింది. ఉస్తాద్ కూడా నవ్వాడు.

"చేతులు పొట్టివి పెట్టండి సాయిబు గారూ, వేసవి కదా" అంది డాక్టరమ్మ.

ఆ తరవాత ఉస్తాద్ ఇంట్లోంచి నవారు పట్టుకొచ్చాడు. మంచానికి అల్లే నవారే. సొంత మంచం ఒకపక్క విప్పేశాడు. దాని ఒక కొస గుంట ముందువైపు కడ్డీకి ముడి వేశాడు. మిగతాది గుంట అడుగున పరిచి, రెండో కొస వెనకవైపుకి, ఫుట్‌బోర్డు దిక్కుకి తెచ్చాడు. ఆ నవారు మీద చక్రం కూర్చోబెట్టించాడు. గాలి గట్టిగా కొట్టలేదు. వాల్వు పైకే ఉంచాడు. మామూలు నట్టు బదులు రెండు రెక్కలున్న నట్టు వేసి, వేళ్ళతో తిప్పి ఊరుకున్నాడు. బయటికొచ్చిన నవారు కొసకి, సుద్దగీత దగ్గర, పిడికిలంత ముడి వేశాడు. ఫుట్‌బోర్డు మీంచి నేలకి ఏటవాలుగా ఆనేలా ఒక చెక్క చేయించి సీటు కింద పెట్టించాడు.

ఏడుకొండలు దూరం నుంచి రెండు వైపులూ చూశాడు. కుడివైపు నున్నగా, అద్దంలా, సందులేకుండా తనది. ఎడమవైపు నవారు ముడి తోకలా వేలాడుతూ ఉస్తాదుది.

'పాపం, పెద్దాయనకి పట్టు సడలింది' అనుకున్నాడు. ఈ మాట నాకు అతనే స్వయంగా చెప్పాడు. చెప్పేటప్పుడు తల దించుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే షెడ్డు ముందు ముగ్గు పడింది. కారు కడిగి, ముందు అద్దం మీద చందనం బొట్టు పెట్టారు. ఇత్తడి పళ్ళెంలో కాజాలు, వాటి పక్కన మడతపెట్టిన పాగా. పచ్చంచు ఎండకి లేతాకులా మెరుస్తోంది. ఏడుకొండలు తలంటుకుని తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. బోర్డు రాసే ఆర్టిస్టుకి ముందే చెప్పేశాడు కూడా, అక్షరాలు ఎరుపు, నీడ నలుపు అని.

డాక్టరమ్మ చీర కొంగు నడుముకి చుట్టుకుని వచ్చింది. మాణిక్యాంబ గారి చేతిలో మరచెంబు, ఒడిలో చేగోడీల డబ్బా. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. ఇంజను పిల్లిలా గురగురలాడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉస్తాద్ నెమ్మదిగా కారు కుడివైపు ముందు చక్రం దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. దుమ్ము తుడుస్తున్నాడేమో అనుకున్నారు.

చిస్సుమంది.

కారు కుడి భుజం నెమ్మదిగా కిందికి వంగింది. ఉస్తాద్ లేచి, వాల్వు పిన్ను జేబులో వేసుకున్నాడు.

"పంక్చరైందమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆయన్నీ, చక్రాన్నీ చూసింది. ఆవిడ ముఖం మెల్లగా విప్పారింది.

"ఆహా! ఎక్కడయిందండీ సాయిబు గారూ?"

"తుని దాటి నాలుగు మైళ్ళు. రెండు పక్కలా జీడితోటలు. మనిషి జాడ లేదు."

"ఎండ?"

"మండిపోతోంది."

"అక్కయ్యా, దిగు" అంది డాక్టరమ్మ.

ఏడుకొండలు అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటూ ముందుకొచ్చాడు. ఉస్తాద్ స్టూలు జరిపాడు.

"నువ్వు కూర్చో. చేతులు కట్టుకో."

ఏడుకొండలు కూర్చున్నాడు.

గాలి పోయిన చక్రం కుడివైపుది కాబట్టి డాక్టరమ్మ దగ్గరలో ఉన్న కుడి స్టెప్నీ దగ్గరికే వెళ్ళింది. పానా నట్టు మీద వేసి తిప్పింది. కదల్లేదు. రెండు చేతులతో తిప్పింది. పానా మీద ఒక కాలు పెట్టింది. తరవాత రెండో కాలూ పెట్టి, మడ్‌గార్డు పట్టుకుని, దాని మీద నిలబడింది. పానా ఆవిణ్ణి మోసింది కానీ నట్టు తిరగలేదు.

"ఏమే సౌభాగ్యం" అంది మాణిక్యాంబ గారు నీడలో నిలబడి చేగోడీ నములుతూ, "అక్కడ జెండా ఎగరేస్తున్నావా?"

"నువ్వు కాస్త మాట్లాడకుండా ఉంటావా అక్కయ్యా?"

ఆవిడ దిగి, చక్రాన్నే పట్టుకుని ఊపింది. రాయిలా ఉంది. గాలి కాస్త దించుదామని వాల్వు వెతికింది. వాల్వు అవతల వైపు, బానెట్టుకి ఆనుకుని ఉంది. ఆవిడ పొట్టి చెయ్యి అక్కడిదాకా వెళ్ళలేదు.

"ఈ చక్రం పెట్టింది ఎవరు?" అంది వగరుస్తూ.

నూకరాజు ఏడుకొండలికేసి చూశాడు.

"వీడా!" అంది ఆవిడ. "వీడు పుట్టినప్పుడూ ఇంతే. రెండు పగళ్ళు లోపలే భీష్మించుక్కూర్చున్నాడు. ఎంత బతిమాలినా బయటికి రాలేదు. వీడి చక్రానికి వేరే బుద్ధి ఎలా వస్తుంది?"

షెడ్డు గొల్లుమంది. ఏడుకొండలు చెవులు ఎర్రబడ్డాయి. అతను స్టూలు మీంచి లేచేశాడు.

"అమ్మగారూ, ఒక్క నిమిషం, నేను తీసేస్తాను. ఒక్క నిమిషం పని."

"కొండా" అన్నాడు ఉస్తాద్.

"ఒక్క నిమిషం ఉస్తాద్..."

"తుని దాటి నాలుగు మైళ్ళు. అక్కడ నువ్వున్నావా?"

ఏడుకొండలు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. తరవాత కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు.

డాక్టరమ్మ చెమట తుడుచుకుని కారు చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్ళింది. రెక్కల నట్టు వేళ్ళతో తిప్పింది. ఊడి వచ్చింది. అడ్డపట్టీ తీసి పక్కన పెట్టింది. సీటు కింది చెక్క తీసి ఫుట్‌బోర్డుకి ఆనించింది. నవారు ముడి సరిగ్గా ఆవిడ గుప్పిట్లోకి వచ్చింది, వెతుక్కునే పనే లేదు.

"అక్కయ్యా, ఇలా వచ్చి చెక్క దగ్గర నిలబడు. చేగోడీ మింగు ముందు."

ముడి పట్టుకుని లాగింది. నవారు బిగుసుకుంది. గుంటలో ఉన్న చక్రం నెమ్మదిగా, పాలు పొంగినట్టు, పైకి లేచింది. ఇంకొంచెం లాగింది. చక్రం గుంట అంచు ఎక్కి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, మడ్‌గార్డు వాలు మీంచి ఫుట్‌బోర్డు మీదికి, అక్కణ్ణుంచి చెక్క మీదికి దొర్లి, నేల మీద నిలబడింది. మాణిక్యాంబ గారు రెండు చేతులూ చాపి దాన్ని ఆపింది.

"తల్లీ బిడ్డా క్షేమం!" అని కేకేసింది.

ఇక చూడాలి. నూకరాజు అయితే నవ్వలేక కారు బానెట్టు పట్టుకున్నాడట. లోపల వెల్డింగు చేసేవాళ్ళు అద్దాలు తీసి పరుగెత్తుకొచ్చారు. డాక్టరమ్మ చక్రాన్ని వెన్ను తడుతూ దొర్లించుకొచ్చి, జాకీ ఎత్తి, పానా మీద కాలేసి తొక్కి నట్లు విప్పి, గాలి పోయినది తీసి, మంచిది వేసి, బిగించింది. మాణిక్యాంబ గారు జాకీ ఎన్ని తిప్పులు తిప్పిందో పైకి లెక్కపెట్టింది. ఆఖర్న చెల్లెలు నాలుగు పంపులు గాలి కొట్టి లేచి నిలబడితే, ఒడిలోంచి డబ్బా తీసి ఒక చేగోడీ ఆవిడ నోట్లో పెట్టింది.

మొత్తం ఇరవై రెండు నిమిషాలు. నూకరాజు చేతి గడియారం చూశాడు. ఆ గడియారం రోజుకి అయిదు నిమిషాలు వెనకబడుతుంది కానీ, ఇరవై రెండు నిమిషాల్లో పెద్ద తేడా రాదు.

అందరూ నవ్వుతుంటే ఏడుకొండలికి ముందు ఏడుపొచ్చిందట. తరవాత మాణిక్యాంబ గారు చక్రానికి దిష్టి తీస్తున్నట్టు చెయ్యి తిప్పి మెటికలు విరిచేసరికి అతనూ నవ్వేశాడు. నవ్వుతూనే కుడివైపు చక్రం కేసి చూశాడు. నున్నగా, అద్దంలా ఉంది.

ఉస్తాద్ ఇత్తడి పళ్ళెం తెచ్చాడు. పాగా మడత విప్పి చేతుల మీద పరుచుకున్నాడు. ముఖంలో కోపం లేదు, వెక్కిరింత లేదు.

"రారా కొండా. శుక్రవారం అన్నాను కదా. తల వంచు."

ఏడుకొండలు స్టూలు మీంచి లేచాడు. ఉస్తాద్ దాకా వచ్చాడు. తల వంచలేదు.

"కొంచెం ఆగండి ఉస్తాద్" అన్నాడు.

తెల్ల చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. కుడి స్టెప్నీ దగ్గరికి వెళ్ళాడు. తను వేసిన నట్టు తియ్యడానికి నాలుగడుగుల గొట్టం మళ్ళీ తెచ్చుకున్నాడు. దాని మీద మళ్ళీ వేలాడాడు. వాల్వు కోసం బానెట్టు మీద దుప్పటి వేసి బోర్లా పడుకుని చెయ్యి దూర్చాడు. గాలి దించాడు. గుండెలకానించి లాగాడు. చక్రం బయటికి వచ్చేసరికి అతని వంటి మీద చెమట కాలవ కట్టింది. ఒక్క నిమిషం పని అన్నాడే, ముప్పావు గంట పట్టింది.

చక్రాన్ని గోడకి చేరేసి అడిగాడు.

"నవారు ఇంకా ఉందా ఉస్తాద్?"

"ఉంది. నా మంచానికి. ఇంకో రెండు మూరలు విప్పితే మీ పిన్నమ్మ నన్నూ మంచాన్నీ కలిపి బయట పారేస్తుంది."

"బజార్లో..."

"శుక్రవారం. ఆ కొట్టు మూత."

డాక్టరమ్మ నీడ చూసుకుంది. ఎండ పెరుగుతోంది. ఆవిడ బయల్దేరాలి.

ఏడుకొండలు చుట్టూ చూశాడు. తాడు ఉంది, అది రంగుని గీరేస్తుంది. గొలుసు సంగతి చెప్పనక్కర్లేదు. పాత ట్యూబు సాగుతుంది, లాగితే చక్రం రాదు. అప్పుడు అతని చూపు ఉస్తాద్ చేతుల మీద ఆగింది.

కుళాయి దగ్గరికి వెళ్ళాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో మడ్డి పోయేదాకా కడిగాడు. వచ్చి రెండు చేతులూ చాపాడు. ఉస్తాద్ పాగా ఆ చేతుల్లో పెట్టాడు. ఏడుకొండలు కళ్ళకద్దుకున్నాడు.

తరవాత దాన్ని నిలువునా నాలుగు మడతలు వేశాడు. గట్టి నేత, లాగి చూశాడు, కిర్రుమంది గానీ సాగలేదు. ఒక కొస గుంట ముందువైపు కడ్డీకి ముడి వేశాడు. గుంట అడుగున ముడత లేకుండా అరచేత్తో సాపు చేస్తూ పరిచాడు.

"అమ్మా" అన్నాడు డాక్టరమ్మతో, "ఒక్కసారి ఇలా నిలబడి చెయ్యి చాపండి. కాలివేళ్ళ మీద లేవకండి. మామూలుగా."

ఆవిడ చెయ్యి చాపింది. ఏడుకొండలు పచ్చంచు కొసకి అక్కడ ముడి వేశాడు. చక్రం దాని మీద కూర్చోబెట్టాడు. వాల్వు పైకి పెట్టాడు. పాత నట్టు పక్కన పడేసి, ఇంకో రెక్కల నట్టు వేసి వేళ్ళతో తిప్పాడు, అక్కడితో ఆగాడు.

"ఇప్పుడు తియ్యండమ్మా."

ఆవిడ నట్టు విప్పి, చెక్క ఆనించి, ముడి పట్టుకుని లాగింది. చక్రం లేచింది. దొర్లింది. మాణిక్యాంబ గారు పట్టుకుంది.

"ఇది ఆడపిల్ల" అంది. "చూడు, ఎంత పొందిగ్గా వచ్చిందో."

మళ్ళీ గుంటలో కూర్చోబెట్టారు. గాలి పోయిన చక్రానికి వాల్వు పిన్ను మళ్ళీ వేసి, గాలి కొట్టి ఎడమ గుంటలో పెట్టారు. ఉస్తాద్ ఒక్కసారి రెండు వైపులా తిరిగి చూశాడు. ఎడమవైపు నవారు తోక. కుడివైపు పచ్చంచు తోక. నడుముకున్న గుత్తిలోంచి ఒక పానా తీశాడు. పన్నెండో నంబరుది, ఆయన వేళ్ళకి అరిగి అరిగి వెండిలా అయింది. దాన్ని ఏడుకొండలు అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళని తనే మూశాడు.

"బోర్డు రాయించుకోరా" అన్నాడు.

నూకరాజుకి ఊరుకోవడం ఎప్పుడు తెలుసు? "అదేంటి ఉస్తాద్, పాగా కట్టకుండానే? వీడి తల బోసిగానే ఉందే!"

ఉస్తాద్ గడ్డంతో కుడి మడ్‌గార్డు చూపించాడు.

"కట్టడం అయిపోయింది. నువ్వు కాజా తిను."

కారు వంతెన ఎక్కేదాకా ఏడుకొండలు రోడ్డు మీద నిలబడి చూశాడు. నేరేడుపండు రంగు కారు పక్కన పచ్చంచు కొస గాలికి ఎగురుతూ పోయింది. కిటికీలోంచి మాణిక్యాంబ గారి చెయ్యి ఊగుతూ కనిపించింది. ఆ చేతిలో చేగోడీ ఉంది.

ఏడుకొండలు బోర్డు పెట్టి ఆరేళ్ళయింది. ఎరుపు అక్షరాలు, నలుపు నీడ. ఎవరి కారు వచ్చినా ముందు ఎవరు నడుపుతారని అడుగుతాడు, వాళ్ళని పిలిపించి చెయ్యి చాపమంటాడు. అయినా జగన్నాథపురంలో ఇప్పటికీ కొందరు అతన్ని పాగా దక్కనివాడు అంటున్నారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. వాళ్ళలో ఇద్దరు మా వీధివాళ్ళే, వాళ్ళింట్లో శుభకార్యాలకి నేను వెళ్ళడం మానేశాను. అది పోనీ. విశాఖపట్నంలో ఆ పాతకార్ల పండగ చేసినవాళ్ళు ఒక పుస్తకం అచ్చు వేశారు. అందులో డాక్టరమ్మ కారు బొమ్మ ఉంది. కుడి మడ్‌గార్డు దగ్గర పచ్చంచు కొస స్పష్టంగా కనిపిస్తుంది. దాని కింద, తుడుపు గుడ్డ తీయడం మరిచిపోయారు కాబోలు అని రాశారు. మా మనవరాలి చేత మూడుసార్లు చదివించుకున్నాను. అదే రాసుంది. నేను రెండు ఉత్తరాలు రాయించాను, జవాబు లేదు. చదువుకున్నవాళ్ళు, వాళ్ళతో పరిచయమున్నవాళ్ళు ఎవరైనా దయచేసి వెళ్ళి చెప్పండి. ముప్పై ఒకటో పేజీ. ఆ మాట కొట్టేయించండి. అది తుడుపు గుడ్డ కాదు. అది ఏడుకొండలు పాగా.